ఎఱ్ఱదీపమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

క్రొత్తగా కారు కొన్నవానికి తాళపుచెవులతో పాటు ఒక పుస్తకమును కూడ చేతికిత్తురు. దానిని ఆమూలాగ్రముగా చదివినవారు అరుదు. చదివి తృప్తి పొందినవారు నాకింతవరకు తారసపడలేదు. అది బీమా కాగితముల క్రిందను, పొల్యూషన్ సర్టిఫికెట్టు క్రిందను అణగి, ఎడమవైపు అరలో యోగనిద్రయందుండి, ఇంజను వేడెక్కి బండి నడిరోడ్డున నిలిచిననాడు మాత్రమే మేలుకొనును. మేలుకొని అది పలుకు పలుకు తాలూకా కచేరీ నోటీసుకంటె గంభీరము, బ్రహ్మసూత్రములకంటె క్లుప్తము. కంపెనీలు వేఱైనను, ముద్రించిన భాషలు వేఱైనను, ఇంజను తాపమును గూర్చి ఆ గ్రంథములు చెప్పునది తుదకొక్కటే కావున, ఏ ఒక్కదానిని నొప్పింపక, అన్నింటి సారమును నేనే సూత్రరూపమున కూర్చి వ్యాఖ్యానార్థము ఇచట నిలుపుచున్నాను.

సూత్రము: ఎఱ్ఱదీపము వెలిగినచో సురక్షితస్థలమున వాహనమును నిలుపవలెను; అధీకృత సేవాకేంద్రమును సంప్రదింపవలెను.

సూత్రమునకు లక్షణము చెప్పిన పెద్దలు అక్షరములు తక్కువగా నుండవలెననియు, సందేహము లేకుండవలెననియు కోరిరి. మన సూత్రకారుడు మొదటి గుణమును తాను సాధించి, రెండవదానిని కొనుగోలుదారునకు వదలివేసెను. కాళిదాసునకు సంజీవనిని, భారవికి ఘంటాపథమును, మాఘునకు సర్వంకషను సంతరించిన కోలాచల మల్లినాథసూరికి ఒక సౌకర్యముండెను: ఆయన చేపట్టిన కవులు అర్థమును పదములలో దాచిరే కాని పదముల వెనుక తామే దాగికొనలేదు. నాకు ఆ భాగ్యము లేదు. ఈ వ్యాఖ్యకు ‘తాపహారిణి’ యని పేరు. ఇది హరించునది ఇంజను తాపమును కాదు, వ్యాఖ్యాత తాపమును.

ఎఱ్ఱదీపము

ఎఱ్ఱ, దీపము: ఈ రెండు పదములును స్పష్టములు. వ్యాఖ్యాతలు కఠినస్థలమున ‘స్పష్టము’ అని దాటిపోయి, నిజముగా స్పష్టమైన చోట నాలుగు పుటలు నింపుదురని విద్యార్థులు మొఱపెట్టుట చిరకాలముగా వినుచున్నాము. ఆ మొఱను మన్నించి, స్పష్టమైనదానిని విడిచి, ఈ దీపమునుండి అర్థమెట్లు పుట్టుచున్నదో విచారించెదను.

ఆలంకారికులు శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యని మూడు వృత్తులు చెప్పిరి. గంగలో గొల్లపల్లె యున్నదనినప్పుడు, ప్రవాహమున ఇండ్లు నిలువవు కావున గంగ గట్టున అని గ్రహించుట లక్షణ; ఆ గట్టుయొక్క చల్లదనమును పావనత్వమును మనసునకు స్ఫురించుట వ్యంజన. మన దీపమునకు ఈ మూడును చక్కగా అన్వయించును. అలలమీద నిలిచిన ఉష్ణమాపకపు బొమ్మ వాచ్యార్థము. ఇంజనులోని కూలెంటు మేర మీఱి కాగుచున్నదనుట లక్ష్యార్థము. హెడ్ గాస్కెటు పోయినది, అల్యూమినియపు హెడ్డు వంగినది, ఈ సంవత్సరపు బోనసు ఎటుపోవునో తేలినది అనునది వ్యంగ్యార్థము. ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యమునకు ఆత్మగా నిరూపించెను. ఇచట ధ్వని మన కందునప్పటికి ఇంజనుయొక్క ఆత్మ వెడలిపోవుచుండును.

ఇంతకును ఎంత వేడియైన ఈ దీపము వెలుగును? ఇది కఠినస్థలము; కనుకనే సూత్రకారుడు మౌనము వహించెను. దక్షిణామూర్తి మౌనమున శిష్యుల సంశయములు తీరెనందురు. ఈ మౌనమున లేని సంశయములు పుట్టుచున్నవి. చెప్పరాని రహస్యమా యనిన, కాదు. రేడియేటరులో తిరుగునది సగము నీరును సగము ఎథిలీన్ గ్లైకాలును కలిసిన ద్రవము. అది బయట పాత్రలో కాచినచో 107 డిగ్రీల ప్రాంతమున మరగును. కాని రేడియేటరు మూత గట్టి స్ప్రింగుతో బిగిసి, బయటి వాయుపీడనముమీద ఇంచుమించు మఱి అంత పీడనమును లోపల నిలుపును కావున 120 దాటినను మరగక ద్రవముగనే యుండును. మొదట చల్లని ఇంజను త్వరగా కాగుటకై నీటిని రేడియేటరు వైపు పోనీయక అడ్డుకొను థర్మోస్టాటు, తన బుడ్డిలోని మైనము కరగి ఉబ్బి కడ్డీని త్రోయగా, 82 మొదలు 90 వఱకు గల యేదో యొక డిగ్రీ వద్ద తెఱచుకొనును. దానికి విద్యుత్తు అక్కరలేదు, కంప్యూటరు అక్కరలేదు. 95 ప్రాంతమునకు వచ్చుసరికి విద్యుత్ ఫ్యాను తిరుగును. ఇవి ఏ మండల కేంద్రమునందలి మెకానిక్కు నడిగినను టీ చల్లారులోపల చెప్పగలిగిన అంకెలు. ఇన్ని పుటల గ్రంథమున ఇవి యేల లేవు? సెల్‌ఫోనును పాటల పెట్టెతో జతచేయు విధానమునకు బొమ్మలతో సహా పుటలకు పుటలు దొరకినవి కదా!

వెలిగినచో

ఇది సూత్రమునకు గుండెకాయ. ‘చో’ అనునది షరతు. దీపము వెలిగినచో తాపమున్నదనుట సరియే. దీపము వెలుగనిచో తాపము లేదని సూత్రకారుడు చెప్పలేదు, కాని చదువరి అట్లే అనుకొనుటను వారించనును లేదు. తెలుగువాడైన అన్నంభట్టు బాలురకై వ్రాసిన తర్కసంగ్రహమును చదివిన పిల్లవాడు సైతము ఈ పొరపాటును పట్టుకొనును. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పున్నచోట నెల్ల పొగ యుండవలెనను నియమము లేదు. దీనికి తార్కికులు చూపు దృష్టాంతము ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండు: అందు నిప్పు నిండియున్నది, పొగ లేదు. ఇంజనును కనిపెట్టుటకు ఎన్నియో శతాబ్దములకు పూర్వము ఇంత చక్కగా ఇంజనును వర్ణించిన శాస్త్రము మఱియొకటి నేనెఱుగను.

ఎట్లనిన, తాపమును కొలుచు సెన్సరు కూలెంటులో మునిగియున్నంతవఱకే సత్యవాది. గొట్టము పగిలి కూలెంటంతయు రోడ్డుపాలైనచో, సెన్సరు ఖాళీచోట వ్రేలాడుచు, తన చుట్టునున్న ఆవిరినో గాలినో కొలిచి, తాపము తగ్గెనని చెప్పినను చెప్పును. ముల్లు గల కారైనచో ముల్లు క్రిందికి దిగును. ‘చల్లబడినది, పోనిమ్ము’ అని యజమాని సంతోషించును. ప్రక్కన ఇనుపగుండు కాలుచుండును. ఇట్టి హేత్వాభాసమును గూర్చి ఒక్క వాక్యము వ్రాసినచో ఎన్ని ఇంజనులు బ్రదికియుండెడివో!

ముల్లు ప్రసక్తి వచ్చినది కావున దానిని గూర్చి కొంత చెప్పక తప్పదు. పాఠకులు మన్నింతురుగాక, అసలు విషయము పాఱిపోదు, బానెట్టు తెఱిచి నిలిచియున్నది.

కారునకు ఉష్ణమాపకము పుట్టిన తొలినాళ్లలో అది యజమాని కన్నులయెదుట, కారు ముక్కుమీదనే యుండెడిది. 1908 మొదలు 1927 వఱకు వెలువడిన ఫోర్డు మోడల్ టీ కార్లలో, మొట్టమొదటి కొన్నింటిని విడిచినచో, నీటిని త్రోయుటకు పంపు లేదు. వేడినీరు తేలికయై పైకెక్కుట, చల్లనినీరు బరువై క్రిందికి దిగుట అను ప్రకృతిధర్మమునే ఆధారము చేసికొని అది రేడియేటరునకును ఇంజనునకును మధ్య తిరుగుచుండెడిది. నీరు కొంచెము తగ్గినను ఆ ప్రవాహము తెగును. ఇట్టి కార్లు ఊరూర ఆవిరులు క్రక్కుచున్న కాలమున, న్యూయార్కునందు బాయిస్ అనునాతడు రేడియేటరు మూతమీదనే ఒక గుండ్రని చట్రమును నిలిపి, అందు ఎఱ్ఱని ద్రవము గల ఉష్ణమాపకమును బిగించి, దానికి మోటోమీటరు అని పేరిడెను. అది నీటిపై నిలిచిన ఆవిరియొక్క వేడిమిని కొలుచుచు, డ్రైవరు కూర్చున్న తావునుండియే కనబడుచుండెడిది. ఎంత ఋజువైన ఏర్పాటు! కారునకును యజమానికిని నడుమ మధ్యవర్తి లేడు, అధీకృతుడు లేడు. దాని అందమునకు మురిసి జనులు దానికి రెక్కలు తగిలించిరి, బొమ్మలు తగిలించిరి. కారు శిరస్సున కిరీటమువలె వెలిగి, డాష్‌బోర్డుమీదికి ముల్లు వచ్చిన పిదప 1920వ దశకాంతమునకు అది ఆభరణ మాత్రమై, తరువాత అదియును కాకపోయెను.

డాష్‌బోర్డు ముల్లును కొంతకాలము నిజాయితీపరురాలే. ఎండలో ఎక్కెడిది, వానలో దిగెడిది, కొండ యెక్కునపుడు చింతాక్రాంతయై పైకి జరిగెడిది. ఆ కదలికను చూచి బెదరిన యజమానులు మాటిమాటికి సర్వీసు సెంటరునకు పరుగెత్తుచుండుటచేత, కంపెనీలు దానికి యోగాభ్యాసము చేయించినవని చెప్పుదురు. ఇప్పుడు అనేక వాహనములలో కూలెంటు 75 వద్దనున్నను, 100 దాటినను, ముల్లు సరిగా మధ్యనే నిలుచును. సుఖదుఃఖములయందు చలింపని స్థితప్రజ్ఞత్వమును సాధించుటకు మునులు అడవులకు పోయిరి. మన ముల్లునకు అది కర్మాగారమునందే సిద్ధించినది. సమాధి చెదరి ఒక్కసారిగా పైకి లేచిననాడు, అదివఱకే ఆలస్యమైయుండును. చిన్నకార్లు మఱికొన్ని ఈ స్థితప్రజ్ఞనుకూడ సన్న్యసించి రెండు దీపములతో సరిపెట్టుకొన్నవి: ఇంజను చల్లగా నున్నంతసేపు నీలము, మితిమీఱినపుడు ఎఱుపు. నడుమ నున్న మహావిస్తారమునంతటికిని చీకటియే గుర్తు.

సురక్షితస్థలమున నిలుపవలెను

సురక్షితస్థలము: విజయవాడ రోడ్డుమీద, ప్రక్కనుండి లారీలు గాలి విసరుచు పోవుచుండగా, దానిని వెదకికొనుడు. 1944లో తిరుమలకు మొదటి ఘాటురోడ్డు పడినది, 1974లో రెండవది పడినది. మలుపుమీద మలుపుగా లేచు ఆ దారిలో, వెనుక బస్సు హారను మ్రోయించుచుండగా, సురక్షితస్థలమును నిర్వచించుటకు న్యాయదర్శనకర్తయైన గౌతముడు దిగిరావలెను.

నిలుపువఱకు చేయదగినదేమి? డ్రైవర్ల సంప్రదాయము ఒకటున్నది, అది యుక్తియుక్తము. ఏసీ కట్టివేయవలెను, అద్దములు దించవలెను, హీటరును తుదివఱకు త్రిప్పవలెను. హీటరు అనగా డాష్‌బోర్డు వెనుక దాగిన చిన్న రేడియేటరే. ఇంజనులోని వేడినీరు దానిగుండ ప్రవహించునపుడు కొంత తాపము ఇంజనును విడిచి కారులో కూర్చున్నవారిని ఆశ్రయించును. కుమారసంభవము అయిదవ సర్గమున పార్వతి గ్రీష్మమునందు నాలుగు దిక్కుల అగ్నులు రగిల్చి నడుమ నిలిచి, అయిదవ అగ్నియైన సూర్యుని ఱెప్పవాల్పక చూచుచు తపము చేసినది. మేనెలలో పిడుగురాళ్ల దాటిన పిమ్మట హీటరు తుదివఱకు త్రిప్పుకొని, భార్యాబిడ్డలతో, అత్తగారితో కూడ కారులో కూర్చున్నవాని తపస్సు దానికేమి తీసిపోదు. పార్వతికి శివుడు ప్రత్యక్షమయ్యెను. వీనికి మొదట అత్తగారు ప్రత్యక్షమగుదురు.

ఒక్క విషయమున మాత్రము సూత్రకారునకు నమస్కరింపవలెను. వేడిగానున్న రేడియేటరు మూతను విప్పరాదని బొమ్మ వేసి మఱీ చెప్పును. మూత విప్పినంతనే లోని పీడనము పడిపోయి, 110 డిగ్రీల నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖముమీదికి ఎగయును. తడిగుడ్డ కప్పి విప్పు శూరులను నేనెఱుగుదును. వారి ముంజేతులను కూడ ఎఱుగుదును. చల్లారిన పిమ్మట అందు బోరునీరు పోయు దయామయులు వేఱు. మన సీమల బోరునీటిలోని సున్నము రేడియేటరు సన్నగొట్టములలో పేరుకొని, వేసవికి ఆ యెఱ్ఱదీపమునే తిరిగి పిలుచును. ఆకుపచ్చదా, ఎఱ్ఱదా, నీలిదా అని కూలెంటును రంగునుబట్టి ఎన్నుకొనుటయు వ్యర్థము. రంగునకు కంపెనీలన్నియు అంగీకరించిన కట్టుబాటు లేదు.

అనుక్తము

సూత్రమునందు చెప్పనిదానిని చూపుట వ్యాఖ్యాత విధి. చెప్పనిది ఇంజను ఆయిలు తాపము.

‘ఏల, ఆయిలునకు వేఱొక దీపమున్నది కదా, నూనెబుడ్డి బొమ్మతో’ అని పూర్వపక్షము. ఉన్నది. కాని అది చెప్పునది పీడనమును, తాపమును కాదు. ఆయిలు ఎంత కాగినను, పంపు దానిని త్రోయుచున్నంతవఱకు ఆ దీపమునకు పట్టదు. అది వెలిగినచో ‘ఇంకొక పది మైళ్లు పోవచ్చును’ అని ఎవడైన చెప్పిన నమ్మరాదు. ఆ క్షణముననే ఇంజను ఆపవలెను, ఏలయనగా లోహమునకును లోహమునకును నడుమనున్న సన్ననిపొర అప్పటికే తెగియుండవచ్చును. దీనికిని కూలెంటు దీపమునకును ఒకే యెఱుపు రంగు వేసినవాని రసజ్ఞతను మెచ్చుకొనక తప్పదు.

ఆయిలు కూలెంటుకంటె మందగమనము గలది. నీలిదీపము ఆఱినంతనే ఇంజను సిద్ధమైనదనుకొని ఆక్సిలరేటరును అణచివేయువారు గ్రహింపవలసినదేమనగా, ఆ దీపము నీటిని గూర్చి సాక్ష్యము చెప్పినదే కాని ఆయిలును గూర్చి కాదు. నీరు కాగిన తరువాతను ఆయిలు చాలసేపు చిక్కగనే యుండును. సామాన్యముగా అది 90 నుండి 110 వఱకు చేరి స్థిరపడును. చేరనిచోను బాధయే: సందుచివరి కూరల అంగడివఱకే రోజూ నడచు కారులో, లోపల చేరిన తేమయు పెట్రోలు అవశేషమును ఆవిరియై పోవునంత వేడి ఆయిలునకు ఎన్నడును కలుగదు, అవి దానియందే నిలిచి దానిని మురికిచేయును. డబ్బామీద 5డబ్ల్యూ–30 అని వ్రాసియుండును కదా. అందు 30 అనునది 100 డిగ్రీల వద్ద కొలిచిన చిక్కదనపు తరగతి. 5డబ్ల్యూ అనునది సున్నకు దిగువ 30 డిగ్రీల చలిలో ఇంజను తిరుగగలదను అభయము. లంబసింగిలో సైతము అంత చలి కలలోని మాట. రెంటచింతలవాడు ఆ అభయమును అట్లే భద్రముగా దాచుకొని, మనుమలకు ఈయవచ్చును. గాలితోనే చల్లబడు ఇంజనులుగా 1998 వఱకు వచ్చిన పోర్షె 911 కార్లలో ఆయిలు తాపమునకు ప్రత్యేకముగా ముల్లు నిచ్చిరి. అక్కడ ఆయిలే నీటిపనినికూడ చేయును కావున దానికి ఆ మర్యాద దక్కినది.

హెడ్ గాస్కెటు పోయి కూలెంటు ఆయిలులో కలిసినచో ఆ మిశ్రమము మీగడవలె తెల్లబడి ఆయిలు మూతకు అంటుకొనును. పాలనుండి నీటిని వేఱుచేయు హంసలు కవిసమయమున కలవు. ఇందునుండి నీటిని వేఱుచేయు హంస ఏ కవికిని తోచలేదు.

అధీకృత సేవాకేంద్రమును సంప్రదింపవలెను

అధీకృత యనగా అధికారము పొందిన. ఎవనిచేత? కంపెనీచేత. ఎవనిమీద? స్పష్టము.

ఇన్ని పుటలుగా నేను వెదకుచున్న అంకె కారులోనే యున్నది. స్టీరింగు క్రింద మోకాలివద్ద పదునాఱు రంధ్రముల సాకెటు ఒకటుండును. అమెరికాలో 1996 నుండి కార్లన్నింటికిని తప్పనిసరి చేసిన ఈ ఏర్పాటు మన కార్లకును వచ్చినది. దానికి యంత్రమును తగిలించి ప్రశ్నించినచో కారు 0 నుండి 255 వఱకు గల ఒక సంఖ్యను పలుకును. అందుండి 40 తీసివేసిన మిగిలినది కూలెంటు తాపము. 132 అనినచో 92 డిగ్రీలు. ఆయిలు సెన్సరుకూడ గల కారైనచో దాని తాపమునకును ఇదే లెక్క. అనగా కారునకు తెలియును, ప్రతిక్షణమును తెలియును; ఆ తెలివినిబట్టియే అది ఫ్యానును త్రిప్పుచున్నది, పెట్రోలును కొలిచి పోయుచున్నది. తెలియనివాడు వాయిదాలు కట్టువాడొక్కడే.

వేసవిలో ఒకనాడు ఒక అధీకృత కేంద్రమున, మెడలో టాగు, చేతిలో టాబ్లెట్టు గల యువకుడు నా కారునకు ఆ యంత్రమును తగిలించి, తెఱను చూచి, తల పంకించెను.

“ఎంత ఉంది బాబూ?”

“నార్మలే సార్.”

“నార్మల్ అంటే ఎంత?”

“టెన్షన్ పడకండి సార్, సిస్టమ్ ఓకే అంటోంది.”

నేను తెఱవైపు వంగితిని. ఆతడు టాబ్లెట్టును వినయముగా తనవైపు త్రిప్పికొనెను. జ్వరమునకు వైద్యుడు థర్మామీటరు పెట్టి, చూచి, విదల్చి, జేబులో వేసికొని, ‘మీ కెందుకు’ అనినచో ఆ వైద్యునికడకు మరల పోవుదుమా? కారునకు పోవలెను, పోనిచో వారంటీ పోవును. నేను ప్రజ్ఞ చూపుటకు అడుగలేదు. ఘాటురోడ్డు ఎక్కుదునా, అడివారముననే అరగంట ఆగుదునా అని తేల్చుకొనుటకు 92నకును 108కిని గల భేదము నాకు కావలసియున్నది. అది నా ఇంజను, నా ప్రయాణము, వెనుక సీటులోనిది నా కుటుంబము. ‘నార్మల్’ అనునది తీర్పు. నేను కోరినది సాక్ష్యము.

ఇక క్రియాపదములు. ‘నిలుపవలెను’, ‘సంప్రదింపవలెను’: రెండును విధులు. విధివాక్యమును చూడగానే మీమాంసకుడు వేయు ప్రశ్నలలో ప్రధానమైనది, ఈ కర్మకు అధికారి యెవడు అని. స్వర్గము కోరువాడు యజ్ఞమునకు అధికారియైనట్లు, ఈ గ్రంథమున పుటపుటకును గల విధులన్నింటికిని అధికారి యజమానియే: ఆతడు చూడవలెను, ఆపవలెను, పోయవలెను, పోయరాదు, పిలువవలెను, వేచియుండవలెను. తయారుచేసినవాడు కర్తగా నున్న వాక్యము ఒక్కటియైనను లేదాయని అట్టనుండి అట్టవఱకు వెదకగా, చివరిపుటలో మిక్కిలి చిన్నయక్షరములతో ఒకటి దొరకినది: ఇందు చెప్పిన విషయములను ముందుగా తెలుపకయే మార్చుటకు వానికి అధికారము కలదట.